సోదె చెప్పడం సోది ఎలా అయింది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటే తక్కినవారికీ సౌకర్యం. మీ అమ్మమ్మగారు ఫోన్‌లో "నిన్న సోదెకు వెళ్ళి వచ్చాం, మంచే చెప్పింది" అన్నారు. పక్కనున్న పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్ళకు తెలిసిన సోది ఒకటే, తల బొప్పి కట్టించే మాటలు. మీరు నలుగురిని అడిగితే ఒకరు అది సోడా నుంచి వచ్చిందన్నారు, ఒకరు శోధన అన్నారు, ఇంకొకరు తమిళం అన్నారు. అసలు ఇవి రెండు మాటలా, ఒకటేనా? ఒకటే అయితే జోస్యానికీ విసుగుకూ ఏమిటి సంబంధం? ఈ మాట పెద్దల ముందు అనవచ్చా? ఇవీ మీ సందేహాలు.

మాట ఒకటే. మీ అమ్మమ్మగారు వాడింది అసలు అర్థం, పిల్లలకు తెలిసింది దానికి పుట్టిన కొత్త అర్థం. ఆ లెక్కన నవ్వవలసింది ఆవిడే. పత్రికలో ఇతరుల రాతలు దిద్దే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవాణ్ణి కాబట్టి ఈ మాట ఎన్ని వేషాల్లో తిరుగుతుందో రోజూ చూస్తూ వచ్చాను. ఈ రెండు అర్థాలకూ మధ్య మూడోది ఒకటి ఉంది. దాన్ని మీరు అడగలేదు కానీ చాలాసార్లు వాడే ఉంటారు. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు సోడా గొడవ వదిలించుకుందాం. సోడాలో గ్యాసు ఉంటుంది, గొప్పలు చెప్పుకోవడాన్ని గ్యాసు కొట్టడం అంటారు, కాబట్టి సోడాయే సోది అయిందని ఆ కథ. వినడానికి బాగుంటుంది. అయితే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆనాటికే సోదె అంటే ఎరుక చెప్పడం, అంటే జోస్యం చెప్పడమన్న అర్థం స్థిరపడి ఉంది. మనకు తెలిసిన గోళీసోడా సీసాకు ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్నది 1870లలో. గోళీ పుట్టకముందే సోదె ముసలిది. మాట పుట్టుక చెప్పేటప్పుడు చాలామంది శబ్దం కలిస్తే చాలనుకుంటారు, తేదీలు చూడరు. సోడా కథ ఆ కోవలోదే.

ఇక అసలు సోదె. ఇది ఊరూరా తిరిగే ఎరుకల అనే సముదాయపు స్త్రీల వృత్తి. నెత్తిన బుట్ట, చేతిలో పుల్ల, నోట "సోదె చెబుతానమ్మా సోదె, ఎరుక చెబుతానమ్మా ఎరుక" అన్న కేక. ఇంటావిడ పిలిస్తే అరుగు మీద కూర్చుంటుంది. చేటలో బియ్యం పోయించుకుంటుంది. అడిగే మనిషి చెయ్యి చాపాలి, ఆమె పుల్లను ఆ అరచేతికి ఆనిస్తుంది. ఆ తరువాత వెంటనే జోస్యం వస్తుందనుకుంటే పొరపాటు. ముందు దేవతలు రావాలి. కంచి కామాక్షి పలకాలి, మధుర మీనాక్షి పలకాలి, కాశీ విశాలాక్షి పలకాలి, బెజవాడ కనకదుర్గ పలకాలి, కొండదేవర దిగి రావాలి, ఊరి గ్రామదేవత వచ్చి ఒప్పుకోవాలి. ఇదంతా ఒక రాగంలో, ఊపిరి తిప్పుకోకుండా సాగుతుంది. వరస పూర్తయ్యాక కూడా అసలు సంగతి రాదు. "నీ మనసులో ఒక తలపు ఉంది తల్లీ. నువ్వు పదిమందికి మేలు చేస్తావు, నీకు మాత్రం మాట దక్కదు. నీ చెయ్యి పెట్టే చెయ్యే కాని తీసుకునే చెయ్యి కాదు. అవునంటే అవునను, కాదంటే కాదను" అంటుంది. ఈ మాటలకు కాదనే మనిషి భూమ్మీద ఉండదు. అవతలి మనిషి "ఊ" అంటుంది. ఆ "ఊ" ఎంత గట్టిగా వచ్చింది, ఏ మాట దగ్గర వచ్చింది, ఏ మాట దగ్గర కంట్లో నీరు తిరిగింది అన్నది చూసుకుని ఆమె దారి మారుస్తుంది. పిల్ల పెళ్ళా, మగడి ఉద్యోగమా, పొలం తగాదానా, పోయిన నగా అన్నది కాసేపట్లో తేలిపోతుంది. తరువాత చెప్పేది ఆ దారినే సాగుతుంది.

ఇది మామూలు నేర్పు కాదు. ఎదుటి మనిషి ముఖం చదవడం, తడబడకుండా పాట నడపడం, తప్పు పడితే వెంటనే సర్దుకోవడం, ఇన్నీ ఒకేసారి చేయాలి. ఎరుక అన్న మాటే ఎరుగు అనే క్రియ నుంచి వచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా అచ్చు వేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో కూడా ఎరుకల అన్న పేరును ఈ ఎరుక చెప్పే వృత్తితో ముడిపెట్టిన వివరణ ఉంది. వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునే కుర్రు భాష తమిళానికి దగ్గరిది. ఈ సంగతి మనకు మాట పుట్టుక దగ్గర పనికి వస్తుంది.

సోదెకు మన దగ్గర ఉన్న గౌరవం చూడాలంటే వేంకటాచల మాహాత్మ్యం కథ ఒక్కటి చాలు. పద్మావతి దిగులుతో మంచం పట్టింది. ఏమిటో ఎవరికీ అంతు పట్టలేదు. అప్పుడు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టి నారాయణపురం వెళ్ళి, ఆకాశరాజు భార్య ధరణీదేవికి సోదె చెప్పాడు. నీ కూతురు మనసు ఫలానా వాడి మీద పడింది, పెళ్ళి చేస్తే తప్ప తేరుకోదు అని తేల్చాడు. వరుడే వచ్చి తనకు అనుకూలంగా జోస్యం చెప్పుకోవడమన్నమాట. ఆ చాతుర్యాన్ని పక్కన పెట్టినా, దేవుడు మారువేషం వేయవలసి వస్తే రాణివాసం దాకా అడ్డు లేకుండా వెళ్ళగలిగేది ఎరుకలసానే అని కథ చెప్పినవారికి తెలుసు. యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర, తమిళంలో జోస్యం చెప్పే కుఱవ స్త్రీ పాత్రతో సాగే కుఱవంజి నాటకాలు ఈ నమ్మకం మీదే నడిచాయి.

అయితే జనానికి నమ్మకంతో పాటు భయమూ ఉంది. "సోదెకు పోతే పాత రంకులు బయటపడ్డాయట" అన్న సామెత అందుకే పుట్టింది. కొత్త సంగతి తెలుసుకుందామని పోతే మరుగున పడిన పాతవి నలుగురిలో తేలాయని భావం. ఇప్పుడు ఎవరైనా తన జీతం బకాయి అడగబోయి పాత లెక్కల్లో తన తప్పు పట్టించుకుంటే ఈ సామెతే వాడతాం. గమనించండి, ఈ సామెతలో సోదె అంటే విసుగు అన్న ఛాయ లేనే లేదు. పైగా నిజం చెప్పేస్తుందేమోనన్న బెదురు ఉంది. సామెతలు పాత అర్థాన్ని చాలా కాలం దాచిపెడతాయి, మాట బయట మారిపోయినా వాటి లోపల మారదు. ఈనాటి పిల్లలు "సోదికి పోతే" అన్నది విని, కబుర్లకు పోతే పాత సంగతులు బయటపడ్డాయి అని అర్థం చేసుకుంటున్నారు. ఆ అర్థమూ అతికినట్టే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రావడం లేదు.

ఇప్పుడు ఆ మూడో అర్థం. "ఒకప్పుడు వెలిగిన నటుడు, ఇప్పుడు సోదిలో లేకుండా పోయాడు" అని రాస్తారు. ఎన్నికల ఫలితాల మర్నాడు "ఫలానా పార్టీ సోదిలోకి కూడా రాలేదు" అని చదువుతాం. ఇక్కడ సోది అంటే విసుగు పుట్టించే మాటలు అని పెట్టి చూడండి, అర్థం పొసగదు. జోస్యం అని పెట్టినా నేరుగా పొసగదు. నేను దీన్ని ఇలా అన్వయిస్తాను. సోదె అడిగేది జరగబోయేది తెలుసుకోవడానికే కాదు, పోయినవారితో మాట్లాడటానికి కూడా. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళకు తీరని కోరిక ఏమైనా ఉందా, ఏం చెబుతారు అని సోదె అడిగేవారు. పోయిన మనిషి ఆ చెప్పే ఆమె నోట పలికితే "సోదెలోకి వచ్చాడు" అన్నట్టు. పిలిచినా పలకకపోతే రానట్టు. పోయినవాళ్ళు సైతం సోదెలోకి వస్తారే, బతికున్న వీడు అందులో కూడా కనిపించడం లేదంటే ఇంకెంతగా మరుగున పడిపోయాడో చూసుకోండి. "అడ్రసు లేకుండా పోయాడు" అన్న కొత్త మాటకు ఇది పాత రూపం. రాసేవారిలో నూటికి తొంభైమంది ఈ సంగతి తలచుకోకుండానే సరిగ్గా వాడుతున్నారు. భాషలో అలవాటు బలం అది.

సరే, మరి విసుగు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి చాలామంది చెప్పే జవాబు, జోస్యం మీద నమ్మకం పోయింది కాబట్టి సోదె అంటే అబద్ధం అయింది, అబద్ధం నుంచి విసుగు అయింది అని. నాకు ఇది నచ్చదు. నమ్మకం పోతే మాట మోసం అన్న అర్థంలోకి జారాలి. సోది అంటే మోసం కాదు, అబద్ధం కూడా కాదు. సోది చెప్పే మనిషి నిజాలే చెప్పవచ్చు. నిన్న తన బస్సు ఎంత ఆలస్యమైందో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, కండక్టర్ చిల్లర ఎలా ఇచ్చాడో అన్నీ నిజాలే చెబుతాడు. అయినా అది సోదే. అంటే కొత్త అర్థం చెప్పే విషయాన్ని పట్టుకుని రాలేదు, చెప్పే తీరును పట్టుకుని వచ్చింది. ఆపకుండా సాగే వరస, అసలు సంగతి ఎంతకీ రాకపోవడం, మధ్య మధ్య "అవునా కాదా" అని మన చేత ఊ కొట్టించుకోవడం, లేచి పోవడానికి వీల్లేకపోవడం. పైన సోదె సన్నివేశాన్ని అంత వివరంగా రాసింది ఇందుకే. దానిలోంచి జోస్యాన్ని తీసేయండి, మిగిలేది ఈనాటి సోదే.

ఈ పని తెలుగువారు ఒక్క సోదెకే చేయలేదు. గొంతెత్తి పాడి, చదివి, ఎదుట కూర్చోబెట్టి వినిపించే ప్రతి ప్రక్రియ పేరునూ మనం ఇలా వాడుకున్నాం. "పురాణం విప్పకు" అంటాం. "హరికథలు చెప్పకు" అంటాం. "దండకం చదివాడు", "ప్రవర చెప్పుకున్నాడు", "పెద్ద రామాయణం" అంటాం. అవసరానికి మించి రాసిన ఉత్తరం చేటభారతం. పొద్దున్నే తిట్లు తింటే సుప్రభాతం, తీరిగ్గా తింటే అష్టోత్తరం. భాగవతం భాగోతమై ఏకంగా గుట్టుమట్ల వ్యవహారంగా స్థిరపడింది. పన్నెండు స్కంధాల పవిత్ర గ్రంథం పేరు "వాడి భాగోతం బయటపెడతాను" దగ్గర తేలింది! వక్తకు భక్తి ఎంత ఉన్నా శ్రోతకు నడుము నొప్పి ఉంటుంది. ఈ పేర్లన్నీ ఆ నడుము నొప్పి వైపు నుంచి పెట్టినవి.

ఇక్కడే ఒక తేడా ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. పురాణాన్ని ఎంత ఎగతాళి చేసినా పురాణం పురాణంగానే ఉంది. గుడిలో ప్రవచనం చెప్పేవారు, పుస్తకం అచ్చు వేసేవారు, పరీక్షలో ప్రశ్న అడిగేవారు దాన్ని గౌరవంగా పలుకుతూనే ఉన్నారు కాబట్టి రెండు అర్థాలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. సోదెను గౌరవంగా పలికే నోరు ఎవరిది? అది చెప్పి పొట్ట పోసుకునే ఆడవాళ్ళది. ఆ సముదాయాన్ని వలస ప్రభుత్వం ఏం చేసిందో తెలిస్తే మాట ఎందుకు దిక్కులేనిదైందో కూడా తెలుస్తుంది. 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మారి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలను ఆ జాబితాలో చేర్చి, పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేశారు. ఊరూరా తిరగడమే అనుమానానికి కారణమైంది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో వాళ్ళను కట్టడిలో ఉంచడానికి ఏర్పడిన సెటిల్మెంటే. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. ఇంటింటికీ తిరిగితేనే సాగే వృత్తికి ఆ తిరుగుడే నేరమైతే వృత్తి ఏమవుతుంది? వృత్తి చిక్కిపోయి, వినేవారు తగ్గి, పాత అర్థం పలికే నోళ్ళు తగ్గాయి. పట్టణాల్లో పుట్టి పెరిగినవారికి ఎగతాళి అర్థం ఒక్కటే అందింది. మీ ఇంటి పిల్లల నవ్వు అక్కడి నుంచి వచ్చింది.

అందుకని సోది అన్న మాటనే వాడకూడదని నేను అనను. ఆ మాట ఎవరినీ కులం పెట్టి తిట్టడం లేదు, చెప్పే తీరునే అంటోంది. కానీ "ఎరుకలసాని కబుర్లు" అంటూ మనిషిని కలిపి అనేవారూ ఉన్నారు. నేను దిద్దే కాపీలో అది కనిపిస్తే కొట్టేసేవాణ్ణి.

మాట ఎటు మారిందో పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చేది దాని పక్కన నిలబడే క్రియ. పాత సోదెకు నాలుగైదు క్రియలే: సోదె చెప్పు, సోదె అడుగు, సోదె అడిగించు, సోదెకు వెళ్ళు, సోదెలోకి వచ్చు. వీటిలో అడగడం ఉంది చూశారా? సోదె అడిగితే చెప్పేది. కొత్త సోదికి ఆ క్రియ పోయింది. సోదిని ఎవరూ అడగరు. "సోది పెట్టాడు", "సోది కొట్టాడు", "సోది ఆపు". పెట్టు అన్నది నస పెట్టడం, పోరు పెట్టడం దగ్గరి నుంచి వచ్చింది. కొట్టు అన్నది బోరు కొట్టడం, సుత్తి కొట్టడం పక్కన నిలబడి వచ్చింది. ఇక ఆపు అన్నది సోదికి ఇప్పుడు దాదాపు ఇంటిపేరు. చెప్పు ఒక్కటే రెండు అర్థాలకూ ఉమ్మడి. మాట ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి దాటింది ఆ క్రియ మీదుగానే అని నా అభిప్రాయం. "వచ్చి సోది చెబుతోంది" అన్న వాక్యాన్ని ఒక తరం ఒక రకంగా, మరుసటి తరం ఇంకో రకంగా వినడానికి వీలుంది.

ఆ తరువాత అది విశేషణం కూడా అయింది. సోది సినిమా, సోది ప్రసంగం, సోది కబుర్లు. "కథ రెండో సగంలో సోదిగా నడిచింది" అని సమీక్షల్లో రాస్తున్నారు. ఇంకా వింత, మనిషి తనను తాను అనుకోవడానికి వాడటం. "నా సోది ఆపి అసలు విషయానికి వస్తాను" అని ఉత్తరాల్లో రాస్తారు. అలా అన్నవారు ఇంకో రెండు పేజీలు రాయడం ఖాయం. తిట్టుగా మొదలైన మాట వినయానికి పనికొచ్చిందంటే దాని పదును కొంత అరిగిందని అర్థం.

దీని బంధువుల్లో సుత్తి ఒక్కదానికే పుట్టినరోజు చెప్పగలం. జంధ్యాల దర్శకత్వంలో 1982లో వచ్చిన నాలుగు స్తంభాలాట చిత్రంలో వీరభద్రరావు, వేలు పాత్రల ద్వారా అది ఇంటింటికీ చేరింది, ఆ ఇద్దరి పేర్ల ముందు సుత్తి శాశ్వతంగా నిలిచిపోయింది. సుత్తి దెబ్బ మీద దెబ్బగా పడుతుంది, ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ తల మీద మోదడం. సోదిలో దెబ్బ లేదు, సాగుడు ఉంది. నస వేరు. దానిలో ఒక కోరిక ఉంటుంది, పిల్లవాడు బొమ్మ కోసం నస పెడతాడు, బొమ్మ కొనిస్తే నస ఆగుతుంది. సోదికి అలాంటి మందు లేదు. డబ్బా కొట్టడంలో సొంత గొప్పలు తప్పనిసరి. ఊకదంపుడు సభలకు పరిమితం, పత్రికల్లో మర్యాదగా రాయడానికి మాకు దొరికిన మాట అదే. దంచితే బియ్యం రాదని ఆ పేరులోనే ఉంది. సొల్లు విషయం తమాషా. తెలుగులో సొల్లు అంటే నోటి నుంచి కారే చొంగ. తమిళంలో సొల్ అంటే మాట, చెప్పడం. సొల్లు కబుర్లలో ఉన్నది చొంగా, తమిళపు మాటా అని వాదించుకునేవారికి నా సలహా, రెండూ కలిసే ఉన్నాయి, విడదీయడానికి ప్రయత్నించకండి.

ఇక పుట్టుక. మీకు చెప్పిన శోధన, తమిళం అన్న రెండు జవాబులూ కొట్టిపారేయవలసినవి కావు.

శోధ అంటే సంస్కృతంలో వెతకడం, పరీక్షించడం. దీని నుంచి సోదె రావడానికి ధ్వనులు అడ్డు రావు. సంస్కృతపు శకారం తెలుగులోకి దిగేటప్పుడు సకారమవుతుంది: శంఖం సంకు, శూన్యం సున్న, శయ్య సెజ్జ. ఒత్తు ధ మామూలు ద అవుతుంది, చివర ఎత్వం వస్తుంది: సంధ్య సందె అయింది. కన్య కన్నె, విద్య విద్దె అయినదీ ఈ బాటలోనే. పోలీసులు ఇళ్ళలో చేసే సోదా కూడా శోధ కుటుంబపు మాటే. కనబడకుండా పోయిన వస్తువు ఎక్కడుందో వెతికి చెప్పడం సోదె పనుల్లో ఒకటి కాబట్టి అర్థమూ కుదురుతుంది. సోదె, సోదా అక్కాచెల్లెళ్ళు అన్న ఊహ నాకు ఇష్టం. ఒకటి అరుగు మీద కూర్చుని మన గుట్టు తీస్తే, రెండోది బీరువా తెరిచి తీస్తుంది.

తమిళ వాదం ఇలా నడుస్తుంది. జ్యోతిషాన్ని తమిళంలో సోదిడం అంటారు, చెప్పేవాడు సోదిడర్. ఎరుకల వారి భాష తమిళానికి దగ్గర. కాబట్టి సోదిడమే చిక్కి సోది అయింది. శబ్దపరంగా ఆకర్షణీయమే. కానీ సోదిడర్ జాతకచక్రం వేసి, గ్రహాలు చూసి, లెక్క కట్టి చెబుతాడు. సోదెలో పంచాంగం లేదు, లెక్క లేదు, దేవత పలకడమే ఉంది. తమిళనాట ఇదే పని చేసే కుఱవ స్త్రీ చెప్పేదాన్ని కుఱి అంటారు, అంటే గుర్తు, సూచన. సోదిడం అనరు. ఇంటి దగ్గర లేని పేరును వలస వచ్చిన చోట పెట్టుకోవడం కష్టం. పైగా జ్యోతిషానికి మన దగ్గర జోస్యం అనే సొంత తద్భవం ఉండనే ఉంది. అందుకే నా ఓటు శోధ వైపు.

వీటికి తోడు సొద అనే పొట్టి మాటను మరచిపోవద్దు. పాత తెలుగులో సొద అంటే చితి కూడా. కానీ "ఎవరి సొద వారిది" అన్నప్పుడు అది మొర, ఆగని గొణుగుడు. సోదెకూ దీనికీ పుట్టుకలో చుట్టరికం ఉందని నేను అనుకోను, అచ్చు హ్రస్వదీర్ఘాలే వేరు. అయినా వినికిడిలో ఇంత దగ్గరగా, అర్థంలో గోడు వెళ్ళబోసుకోవడానికి ఇంత సమీపంగా ఉన్న మాట పక్కనే ఉంటే, సోది తన కొత్త అర్థంలోకి ఒరగడానికి ఆ భుజం కొంత సాయపడి ఉంటుంది.

మీ చివరి ప్రశ్న, పెద్దల ముందు అనవచ్చా అని. బూతు కాదు, కాబట్టి నలుగురిలో పలకడానికి సిగ్గుపడనవసరం లేదు. కానీ ఎవరిని అంటున్నామన్నది చూసుకోవాలి. సినిమాను అనవచ్చు, ఉపన్యాసాన్ని అనవచ్చు, స్నేహితుణ్ణి అనవచ్చు, మనల్ని మనం ఎన్నిసార్లయినా అనుకోవచ్చు. ఎదుట మాట్లాడుతున్న పెద్దవారిని "సోది ఆపండి" అంటే చివర "అండి" ఉన్నా మర్యాద మిగలదు. మీరు నోరు మూసుకోండి అన్నట్టే వినిపిస్తుంది. ఆఫీసు ఉత్తరాల్లో, పరీక్ష జవాబుల్లో రాయవద్దు. అక్కడ అనవసర ప్రసంగం, చర్వితచర్వణం, ఊకదంపుడు వంటివి ఉన్నాయి. "సోదిలో లేకుండా పోవడం" మాత్రం ఎక్కడ రాసినా ఎవరూ తప్పు పట్టరు. అది నుడికారంగా స్థిరపడింది.

రాత విషయంలో ఒక మాట. సోదె, సోది రెండూ ఒకే మాటకు రెండు రూపాలే, చెల్లె చెల్లి అయినట్టు, ఊళ్ళ పేర్లలో పల్లె పల్లి అయినట్టు. తప్పొప్పుల ప్రసక్తి లేదు. అయితే ఎరుక చెప్పడానికి సోదె, విసుగుకు సోది అని నేను విడివిడిగా రాస్తాను, చదివేవారికి తికమక ఉండదు. నుడికారానికి సోదిలో, సోదెలో రెండూ వాడుకలో ఉన్నాయి, మీకు అలవాటైనది రాయండి. మీ అమ్మమ్మగారి మాటను ఎక్కడైనా రాయవలసి వస్తే మాత్రం ఎత్వంతోనే రాయండి.